పంపనన్నది నేనే

తెల్లారి చాలాసేపయినా నిర్మల బాతుల గూడు తలుపు తియ్యలేదు.

లోపల అవి రెక్కలు కొట్టుకుంటూ గోల పెడుతున్నాయి. పక్కనే రాజ్మా మడిలో గొంతుక్కూర్చుని ఎండిన కాయలు కోస్తున్న నిర్మలకి ఆ గోల వినిపిస్తూనే ఉంది. మంచు ఇంకా విడలేదు. తడి ఆరకుండా రాజ్మా కొయ్యకూడదని ఆమెకి తెలుసు. ఇంట్లో ఉండలేక వచ్చింది. చేతులకి ఏదో ఒక పని కావాలి, అంతే.

భర్త ఫల్గుణ ఇంటివైపు నుంచి వచ్చి గూడు తలుపు తీశాడు. బాతులు ఒకదాన్నొకటి తోసుకుంటూ గెడ్డ నీళ్ళవైపు పరుగెత్తాయి.

"ఆస్పత్రికి సెలవు పెట్టేవా?" అని అడిగాడు.

"పెట్టేను."

"టీ తాగలేదంట. అమ్మ చెప్పింది."

నిర్మల ఇంకో కాయ తెంపింది.

"కనక లేచింది," అన్నాడు. "బేబికి జడ వేస్తంది."

నిర్మల చెయ్యి ఆగింది. రోజూ డ్యూటీకి వెళ్ళేముందు వంటింటి గడప మీద కూర్చోబెట్టుకుని బేబికి జడలు వేసేది తనే. రాత్రి బేబి తన తల్లి కనక దుప్పట్లో పడుకుంది. ఇప్పుడు జడ కూడా.

"ఒక జడా, రెండా?" అని అడిగింది.

"ఏటి?"

"ఏం లేదు."

ఫల్గుణ మడిగట్టు మీద కూర్చున్నాడు. ఆశ్రమ పాఠశాలలో మాస్టారు అతను. దసరా సెలవులు కావడంతో నాలుగు రోజులుగా ఇంట్లోనే ఉన్నాడు. మామూలుగా అయితే ఈ సెలవుల్లో భార్యాభర్తలిద్దరూ బేబిని వెంటేసుకుని పొద్దు వాలేదాకా ఈ తోటలోనే గడుపుతారు. ఈసారి తోటలో ఒకరుంటే ఒకరు ఇంట్లో ఉంటున్నారు.

"మధ్యాహ్నం జీపుకి వెళ్ళిపోతానంటంది," అన్నాడు.

"ఒక్కర్తేనా?"

"నేనడగలేదు."

"నువ్వు అడగలేదు. అది చెప్పలేదు. ఫోన్లో ఏటంది? బేబి సంగతి మాటాడ్డానికి వస్తన్నానంది. నిన్న సాయంత్రం వచ్చిన మనిషి తిన్నాది, పడుకున్నాది, లేచి జడలేస్తంది. మరి మాటాడమను."

"మాటాడ్డానికి ఏటుంది నిర్మలా? పెళ్ళి చేసుకున్నాది. సాలూరులో ఇల్లుంది. పిల్లని తీసుకెళ్తానంటాది. మనం కాదనగలమా?"

"నేననగలను."

"ఏ హక్కుతో?"

ఆ మాట నోరు జారిందని అతనికి వెంటనే తెలిసింది. నిర్మల తల ఎత్తలేదు. కోసిన కాయల్ని బుట్టలో వేసి, బుట్టలోంచి మళ్ళీ రెండు తీసి, పనేమీ లేకుండా వలిచింది.

ఏడేళ్ళ కిందట ఫల్గుణ చెల్లెలు కనక మొగుడు బుధు కల్లు గియ్యడానికి జీలుగు చెట్టెక్కి, పడి చనిపోయాడు. అప్పటికి బేబికి రెండేళ్ళు. కొన్నాళ్ళు చూసుకోండని పిల్లని అన్నా వదినలకి అప్పగించి, కనక సముద్రం ఒడ్డున రొయ్యల కంపెనీలో పనికి వెళ్ళింది. పండక్కో, పిల్ల పుట్టినరోజుకో గౌన్లు పట్టుకుని వచ్చేది. ఉన్నన్నాళ్ళూ పిల్ల ఆమె కొంగు వదిలేది కాదు. వెళ్ళిపోయాక రెండు రోజులు మాట్లాడేది కాదు. కంపెనీకి ఐసు తెచ్చే లారీ మీద పనిచేసే గోపితో పరిచయమై, పోయిన ఏడు అతన్ని పెళ్ళి చేసుకుని సాలూరు వెళ్ళింది. ఆ తర్వాత రావడం ఇదే.

నిర్మలకి పిల్లలు లేరు. ఆ తోట కూడా బేబి వచ్చాకే మొదలైంది. అంతకు ముందు అది మామగారు వదిలేసిన బోడి నేల చెక్క. తల్లి కోసం ఏడ్చే పిల్లని మరిపించడానికి సంతలో రెండు బాతు పిల్లల్ని కొన్నారు. వాటికి గూడు కావాల్సి వచ్చింది. గూటికి కంచె, కంచె మీదికి మిరియం తీగ, ఖాళీగా ఉందని రెండు తేనె పెట్టెలు. ఒక ఏడు స్ట్రాబెర్రీ వేస్తే వానకి కుళ్ళిపోయింది. లాభం కోసం పెట్టింది అందులో ఏదీ లేదు. పోడు కొట్టి సామలు పండించుకు తినే ఊరివాళ్ళు దారిన పోతూ నవ్వేవాళ్ళు. మాస్టారి సరదా తోట అని పేరు పెట్టారు.

"ఏడేళ్ళలో అది ఒక్కసారయినా నన్ను అమ్మా అనలేదు," అంది నిర్మల. "అనమని నేను అడగలేదు. ఎందుకడగలేదో తెల్సా నీకు?"

ఫల్గుణ గట్టు మీది మట్టిపెళ్ళ ఒకటి నలిపాడు.

"కనకకి కష్టంగా ఉంటాదని. దాని కష్టం నేను చూసేను. ఇప్పుడు నాదెవరు చూస్తారు?"

"నిన్నెవరూ తక్కువ చెయ్యట్లేదు. పిల్లనే అడుగుదాం. అదెలాగంటే అలాగ."

"అడక్కు."

"ఎందుకు?"

"ఏమంటాదో నాకు తెలుసు," అంది నిర్మల. బుట్ట ఎత్తుకుని లేచింది.

*

ఇంటి పక్కన సీతాఫలం చెట్టు దగ్గర బేబి తన తల్లికి తోట చూపిస్తోంది. పిల్లకి ఒక్కటే జడ వేసి ఉంది. అది బేబిని ఒక్కరోజులో పెద్దదాన్ని చేసినట్టు కనిపించింది నిర్మలకి.

"ఇది టర్కీ కోడమ్మా. సంతలో ఎవరూ కొనలేదు. నేనేడిస్తే మామయ్య కొన్నాడు."

"గుడ్లు పెడతాదేటి?"

"పెట్టదు. ఇది పుంజు."

"మరి కోసుకుంటారా?"

"ఛ. ఊరికే తిరుగుతాది."

కనక నవ్వింది. చలికి కప్పుకున్నట్టు కొంగు ఒంటి చుట్టూ నిండా చుట్టుకుని ఉంది. బేబి ఆమె చెయ్యి వదలకుండా నడుస్తోంది.

"సాలూరులో మన ఇంటికి పెరడుందా అమ్మా?"

"చిన్నదుంది."

"గెడ్డో?"

"ఊర్లో గెడ్డెక్కడుంటాదే. ఈది కుళాయుంటాది."

బేబి కాసేపు ఆలోచించింది. "టబ్బులో నీళ్ళు పోస్తే సరిపోద్ది. రెండు బాతుల్నే తెచ్చుకుంటాను. మిగతావి అత్తకి ఉంచుతాను. అత్తకి ఏమీ లేకపోతే బాగోదు కదా."

కనక తల తిప్పేసరికి బుట్టతో నిలబడ్డ వదిన కనిపించింది. నవ్వు పోయింది. ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి. అప్పటికే బేబి ఆమెని తేనె పెట్టెల వైపు లాక్కుపోయింది.

అరుగు మీద అత్తగారు సోములమ్మ చేటలో సామలు చెరుగుతోంది. నిర్మల బుట్ట దించగానే లోపలికి తొంగి చూసింది.

"ఆ కాయలు వొండకు కోడలా. ఊర్లో ఇంకా కొత్త పంటకి పండగ పెట్టనేదు."

"వండను. విత్తనానికి."

"తడి కాయలు ఇత్తనానికేటి," అంది సోములమ్మ. తర్వాత చేట ఒళ్ళో పెట్టుకుని గొంతు తగ్గించింది. "ఇటు కూకో."

నిర్మల కూర్చోలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"పోనియ్యి గుంటని. కన్నదాని కాడ నాల్రోజులుంటే దాని ఆశ తీరుతాది. ఆ ఎండ దీనికి పడదు. బేగి తిరిగొచ్చేత్తాది."

"రాకపోతే?"

సోములమ్మ మళ్ళీ చేట అందుకుంది. పొట్టు గాలికి లేచి ఇద్దరి మధ్యా పడింది.

"నాకున్నది ఇద్దరే," అంది చివరికి. "ఒకడి ఇంట్లో కూకుని తింటా, రెండోదానికి పిల్లని ఇయ్యొద్దని నాను సెప్పనేను. నన్నడక్కు కోడలా."

ఆమెనెవరూ అడగలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

లోపల గదిలో మంచం మీద బేబి బడి సంచీ కనిపించింది. పుస్తకాలు తీసి కిటికీలో పెట్టి ఉన్నాయి. వాటి చోట గౌన్లు, నిర్మల పోయిన చలికాలం అల్లిన స్వెట్టరు, దువ్వెన, ఒక కవరులో బంతి విత్తనాలు. జిప్పు పట్టక సగంలో ఆగిపోయింది. నిర్మల మంచం అంచున కూర్చుంది. స్వెట్టరు తీసి మళ్ళీ చిన్నగా మడిచి అడుగున పెట్టింది. జిప్పు పట్టింది. తను ఏం చేసిందో అప్పుడు అర్థమై, లేచి బయటికి నడిచింది.

*

మేకల పాక తోటకి పైన, కొండ మొదట్లో ఉంది. పొద్దెక్కి మంచు విడిపోయింది. కింద వలిసె చేలు ఇంకా పూతకి రాక పచ్చగా ఉన్నాయి. నిర్మల కొడవలితో రొట్ట నరికి మేకలకి వేస్తూండగా వెనక అడుగుల చప్పుడయింది.

"వదినా."

"ముందు నేను చెప్తాను," అంది నిర్మల, వెనక్కి తిరక్కుండానే. "పంపను కనకా. మీ అన్న పంపుదామంటన్నాడు. మీ అమ్మ పంపమంటంది. నేను పంపను. ఊరి పెద్దల్ని కూర్చోబెడతావో, మీ ఆయన్ని తీసుకొస్తావో నీ ఇష్టం. నువ్వు కన్నావు, కాదనను. కానీ నువ్వొచ్చినప్పుడల్లా నవ్వుతాది, వెళ్ళిపోయిన తర్వాత ఎలాగుంటాదో నువ్వెప్పుడూ చూళ్ళేదు. నేను చూసేను. ఇంక పంపను."

ఫోను వచ్చిన రోజు నుంచి ఈ మాటలే మనసులో తిప్పుకుంటోంది. అనేశాక, అనుకున్నంత గట్టిగా రాలేదనిపించింది.

తిరిగి చూస్తే కనక పాక పక్కన రాయి మీద కూలబడి ఉంది. ఎక్కడానికి ఆయాసపడినట్టుంది. కొంగు జారింది.

నిర్మల నర్సు. చూడగానే తెలిసింది.

"ఎన్నో నెల?" అని అడిగింది కొడవలి కింద పెట్టి.

"అయిదు ఎల్లింది."

"మీ అమ్మకి చెప్పేవా?"

"నేదు."

"చెప్పాల్సింది. మంచి సంగతే కదా."

కనక కొంగు సర్దుకుంది. కింద తోటలో బేబి టర్కీ వెనక పరుగెడుతోంది. ఇద్దరూ అటే చూశారు.

"పంపకు వదినా," అంది కనక. "అదే సెబుదామనొచ్చేను."

నిర్మలకి ముందు అర్థం కాలేదు.

"ఏటి?"

"పంపకు. నీ కాడే ఉంచుకో. నాను తీసుకెల్లనేను."

నిర్మల ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయింది. నవ్వొస్తుందేమోనని భయమేసి చేతులు పైటలో తుడుచుకుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూశాక ఆ తేలిక ఎక్కువసేపు నిలవలేదు.

"మీ అత్తగారు ఒప్పుకోలేదా?"

"మా అత్తకి బేబి ఉన్నట్టే తెల్దు."

"తెలీకపోడమేటి?"

"పెల్లి కాని పిల్లనని సెప్పి తీసుకెల్లేడు గోపి." కనక గొంతులో తడి లేదు. చాలాసార్లు ఏడ్చి అయిపోయిన గొంతు అది. "కొండ మీది పిల్లంటేనే మా అమ్మ అన్నం మానేసింది, ముందో మొగుడు, ఒక పిల్ల అంటే గుమ్మం తొక్కనీదు, నెమ్మదిగా సెబుదాం అన్నాడు. మంచోడే వదినా. తాగడు, కొట్టడు. నెమ్మదిగా, నెమ్మదిగా అంటంటే ఇలగయిపోనాది. ఇప్పుడు సెబితే ఈ కడుపేసుకుని నానెక్కడికెల్లను?"

"ఇక్కడికొస్తావు. ఎక్కడికేటి?"

"ఒకసారి అలగే వచ్చేను కదా. మల్లీ అదేనా?"

నిర్మల ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

"ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా. ఎందుకొచ్చేవు?"

"సూద్దామని," అంది కనక. "ఇంకెప్పుడు రానిత్తారో."

ఒక మేక వచ్చి ఆమె కొంగు నోట పెట్టుకుంది. కనక దాన్ని తోలలేదు. నిర్మలే లాగి విడిపించింది.

"దానికి చెప్పేవా?"

"నేదు."

"సంచీ సర్దుకుని కూర్చున్నాది కనకా. చూసేవా?"

"సూసేను. రాత్రంతా సెబుదామనే ఉన్నాను. నా మెడ సుట్టూ సెయ్యేసుకుని సాలూరు బల్లో ఇంగ్లీషు మీడియమా అనడుగుతంది. అక్కడ నన్ను ఏ పేరుతో పిలుత్తారనడుగుతంది. ఏటని సెప్పను వదినా? నాకు పిల్లల్లేరని సెప్పుకుని బతుకుతన్నానని సెప్పనా?"

"ఏదో ఒకటి చెప్పు. నువ్వే చెప్పాలి. ఇదొక్కటీ నేను చెయ్యను."

"నా వల్ల కాదు."

"అయితే అదేమనుకోవాలి? జీపెక్కి నీ దారిన నువ్వు పోతే, వెనక నిలబడి అదేమనుకోవాలి?"

కనక వదిన చెయ్యి పట్టుకుంది.

"అన్నకి మాత్రం సెప్పకు. అన్న ఊరుకోడు. సాలూరొచ్చి గుమ్మంలో నిలబడతాడు. ఆ దినమే నా కాపరం ఆకరు. అమ్మకీ సెప్పకు. అమ్మ కడుపులో మాట దాగదు. మాటియ్యి వదినా."

నిర్మల కింద తోటకేసి చూసింది. "చెప్పను" అంది.

*

జీపు హారను ఊరి మొదట్లో వినిపించేసరికి అందరూ వాకిట్లో ఉన్నారు. సాలూరు చేరాలంటే కనక ముందు అరకు వెళ్ళి, అక్కడి నుంచి ఎస్.కోట బస్సు పట్టుకోవాలి. సోములమ్మ కూతురి సంచీలో సీతాఫలాలు సర్దుతోంది. ఫల్గుణ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని రోడ్డుదాకా సంచీ మోయడానికి సిద్ధంగా ఉన్నాడు.

బేబి లోపల్నుంచి వచ్చింది. దసరాకి కుట్టించిన గౌను వేసుకుంది. బడి సంచీ భుజాలకి ఉంది.

"బాతుల్ని తర్వాత మామయ్య తెస్తాడులే అమ్మా," అంది. "జీపులో గోల చేస్తాయి."

కనక కూతురివైపు చూడలేదు. అన్నవైపూ చూడలేదు. చేతిలో సంచీ తాడు మెలిపెడుతూ నిలబడింది. నిర్మల ఆమెకేసి చూసింది. చెప్పమన్నట్టు తలాడించింది. కనక నోరు తెరిచింది. మాట రాలేదు.

బేబి తల్లినుంచి అత్తకి, అత్తనుంచి తల్లికి చూపు మార్చింది. పిల్ల ముఖం వెలవెలబోతూ రావడం నిర్మలకి కనిపించింది. ఇంకొక్క క్షణం ఆగితే ఆ పిల్ల తనంతట తనే తెలుసుకుంటుంది. తల్లి కళ్ళలోనే చదువుకుంటుంది. అది ఒకసారి చదివాక ఇంక ఎవరూ చెరపలేరు.

"నువ్వు వెళ్ళట్లేదు బేబీ," అంది నిర్మల.

"ఎందుకు?"

"నేను పంపనన్నాను."

ఫల్గుణ వెనక్కి తిరిగాడు. సోములమ్మ చేతిలో సీతాఫలం అలాగే ఉండిపోయింది.

"అమ్మ అడిగిందా?" అంది బేబి.

"అడిగింది. మేకల పాక దగ్గరికొచ్చి అడిగింది. నేనే పంపనన్నాను."

"మామయ్య ఒప్పుకున్నాడు కదా."

"నేను ఒప్పుకోలేదు."

బేబి తల్లి చెయ్యి పట్టుకుంది. "నువ్వు గట్టిగా అడగలేదేమో. ఇంకోసారి అడుగమ్మా. నేను కూడా అడుగుతాను."

కనక వంగి కూతుర్ని పొదువుకుంది. మూటలాగా, సంచీతో సహా. "మీ అత్త మాట ఇనే," అంది పిల్ల జుట్టులోకి. ఇంకేదో కూడా అంది. అదెవరికీ వినబడలేదు. రోడ్డు మీద జీపు మళ్ళీ హారను కొట్టింది. కనక పిల్ల చేతుల్ని విడిపించుకుని, సంచీ తీసుకుని, ఎవరికీ చెప్పకుండా నడిచింది. సోములమ్మ పళ్ళు పట్టుకుని ఆమె వెనక వెళ్ళింది.

జీపులో చోటు లేక కనక వెనక బల్ల అంచున కూర్చుంది. మలుపు తిరిగేదాకా ఇటే చూసింది. ఆ చూపు నిర్మల మీదే ఉంది.

బేబి ఏడవలేదు. భుజాల మీది సంచీ తియ్యకుండానే లోపలికి వెళ్ళింది.

ఫల్గుణ భార్య దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అతను కేకలు వేసే మనిషి కాదు. ఇప్పుడూ వెయ్యలేదు.

"పిల్ల ముందు," అన్నాడు. "దాని తల్లి ముందు. అంత మాట నువ్వెలాగ అనగలిగేవు?"

"అన్నాను."

"నా చెల్లెలు ఏడుస్తా వెళ్ళింది. చూసేవా?"

"చూసేను."

"పద్దెనిమిదేళ్ళయింది మన పెళ్ళయి. నువ్విలాంటి మనిషివని నాకు తెలీదు నిర్మలా."

అతను తోటలోకి వెళ్ళిపోయాడు. నిర్మల వాకిట్లో ఒక్కతే మిగిలింది. రోడ్డు మీంచి తిరిగొచ్చిన సోములమ్మ మెట్టు మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటూ కోడలికేసి పరీక్షగా చూసింది.

"దాని నడక సూసేవా?" అంది. "నాకేటీ సెప్పనేదు. నీకేటైనా సెప్పిందేటి?"

"లేదత్తా," అంది నిర్మల.

*

ఆ మధ్యాహ్నం బేబి తన పనులన్నీ చేసింది. బాతులకి తవుడు కలిపింది. టర్కీకి నీళ్ళు పెట్టింది. మేకలకి గుక్కెడు ఉప్పు నీళ్ళు తాగించింది. తల్లి వేసిన జడ మాత్రం విప్పలేదు. నిర్మల ఎటు వెళితే తను అటు లేకుండా చూసుకుంది.

ఒకసారి గెడ్డ గట్టు మీద ఇద్దరూ ఎదురుపడ్డారు. నీళ్ళు ఎక్కువగా ఉన్నాయి, జాగ్రత్త అని చెయ్యి చాపింది నిర్మల.

"మీరు ముందు దాటండి," అంది బేబి.

నిర్మల సరిగ్గా విన్నానా అనుకుంది. ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ మీరు అనరు. బడిలో టీచర్లని అంటారు, ఆస్పత్రిలో డాక్టరుగారిని అంటారు. దారి అడిగే టూరిస్టుల్ని అంటారు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని ఆమె ముందు దాటింది. పిల్ల తనంతట తను దాటి పక్కనుంచి వెళ్ళిపోయింది.

పొద్దు గూకే వేళకి సోములమ్మ అన్నాలకి పిలిచింది. నలుగురూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. చల్లగాలి మొదలైంది. చోడి అంబలి, గుమ్మడి కూర. నిర్మల బేబి కంచంలో కూర వెయ్యబోతే పిల్ల కంచం అమ్మమ్మవైపు జరిపింది. సోములమ్మ వడ్డించింది.

ఫల్గుణ సగం తిని కంచం పక్కన పెట్టాడు.

"బేబీ," అన్నాడు. "నీ సంచీ సర్దే ఉంది కదా?"

బేబి తలెత్తింది.

"అలాగే ఉంచు. రేపు పొద్దున్నే బండి మీద నేను దింపుతాను సాలూరులో. మీ అమ్మకి చెప్పకుండా వెళ్దాం. తలుపు తీసేసరికి నువ్వు ఎదురుగుంటావు. సంతోషిస్తాది."

బేబి ముఖం ఒక్కసారి విప్పారింది. మామయ్య మోకాలి మీద చెయ్యేసింది. "నిజంగా?"

"నిజంగా. మీ అత్తని ఎవరూ అడగక్కర్లేదు."

నిర్మల చేతిలో గరిటె పొయ్యి గట్టుకి తగిలి చప్పుడయింది. మూసి ఉన్న ఒక తలుపు ఆమె కళ్ళ ముందు కదిలింది. అది తీసేది కనక కాకపోవచ్చు. ఎవరు కావాలని అడిగే ఒక ముసలావిడ కావచ్చు. కనకే వచ్చినా, ఆ ముసలావిడ వెనక నిలబడి ఉండగా, గుమ్మంలో ఈ పిల్లని చూసి ఏమంటుంది? ఎవరని చెబుతుంది?

"వద్దు," అంది నిర్మల.

"మళ్ళీ మొదలెట్టకు."

"వద్దు. రేపొద్దు. నా మాట విను."

"ఎందుకొద్దో చెప్పు," అన్నాడు ఫల్గుణ. "ఒక్క కారణం చెప్పు. నీకు పిల్ల కావాలన్నది కాకుండా, ఇంకొక్కటి చెప్పు. వింటాను."

సోములమ్మ అంబలి గిన్నె కింద పెట్టింది. పొయ్యిలో కట్టె చిటపటమంది. నిర్మల మొగుడికేసి చూసింది, అత్తకేసి చూసింది. నాలుక చివర ఉంది మాట. ఆ మాట వినకూడని పిల్ల ఎదురుగానే కూర్చుని ఉంది.

బేబి ఆ రోజు మొదటిసారి ఆమె ముఖంలోకి సూటిగా చూసింది.

"చెప్పండత్తా," అంది.